కంబ్యాక్: సెలవులోంచి పుట్టిన మాట

మే నెల సెలవులకి మా అక్క కూతురు ఇంటికొచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే దాని ఫోన్లో అలారం మోగింది. సరిగ్గా రెండున్నర. "మావాళ్ల కంబ్యాక్, మామయ్యా. అక్కడ సాయంత్రం ఆరు" అంది లేచి కూర్చుంటూ. ఇంతకీ ఎక్కడికెళ్లారు, ఎన్నాళ్లకి తిరిగొస్తున్నారు అని అడిగాను. జాలిగా చూసింది. వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదట. జనవరిలో ఒక ఆల్బమ్ తెచ్చారు, ఇప్పుడు ఇంకొకటి తెస్తున్నారు, నడుమ మూడు దేశాల్లో కచేరీలు చేశారు. అంతే. కొరియా పాటల లోకంలో మొదటిసారి పాడితే డెబ్యూ, ఆ తర్వాత ఎప్పుడు కొత్త పాట తెచ్చినా కంబ్యాకే. నడుమ రెండు నెలలే ఉన్నా సరే.

వెళ్లకుండా తిరిగి రావడమేమిటని ఆ రోజు నవ్వుకున్నాను. తర్వాత ఆ మాట వెనక్కి నడుచుకుంటూ పోతే తెలిసింది, అది పుట్టిననాడు వెళ్లడమూ నిజమే, రావడమూ నిజమే. మధ్యలో ఆ వెళ్లడం ఎక్కడో జారిపోయింది. కె-పాప్‌లో ఒళ్లు హూనమయ్యే పని గురించి, అభిమానుల పట్టుదలల గురించి ఇవాళ జరిగే గొడవంతా ఆ జారిపోయిన చోటే ఉందనిపిస్తుంది నాకు.

1992 ఏప్రిల్లో కొరియా ఎంబీసీ టీవీలో కొత్తవాళ్లని పరిచయం చేసే కార్యక్రమానికి ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. పాడింది ర్యాప్, వెనకాల మెటల్ గిటారు, కాలు నిలవని డాన్సు. ఎదురుగా కూర్చున్న పెద్దలు పెదవి విరిచి 10కి 7.8 మార్కులు వేశారు. ఆ పాటే, 'నాన్ అరయో', అంటే 'నాకు తెలుసు', కొద్ది వారాల్లో దేశాన్ని ఊపేసింది. బృందం పేరు సొ తేజి అండ్ బాయ్స్. పాటలు రాసేది, కట్టేది సొ తేజి. ఇరవై ఏళ్లవాడు.

అప్పటిదాకా అక్కడ గాయకుడంటే టీవీలో ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. కనబడకపోతే జనం మరిచిపోతారని భయం. సొ తేజి ఆ భయాన్ని లెక్కచెయ్యలేదు. ఆల్బమ్ పాటలు పాడటం అయిపోగానే ఇక కొన్నాళ్లు మేం కనబడం అని చెప్పి తలుపేసుకునేవాడు. ఆ నెలలన్నీ కొత్త పాటలకి. 1993లో 'హయొగా'తో తిరిగి వచ్చినప్పుడు జుట్టు మారింది, బట్టలు మారాయి, పాటలో కొరియా సన్నాయి తేప్యొంగ్‌సో వినబడింది. మరుసటేడు మళ్లీ మాయం, మళ్లీ ప్రత్యక్షం. కంబ్యాక్ అనే పద్ధతి ఎక్కడ మొదలైందంటే కొరియా పాటల చరిత్ర రాసేవాళ్లు చాలామంది చూపించేది ఇతన్నే. ఒక మనిషి ఆలోచించుకోవడానికి పుచ్చుకున్న సెలవుకి చివర తగిలించిన పేరు అది.

అభిమానులకీ కొత్త పని పుట్టింది ఇతని దగ్గరే. అంతకు ముందు 1980లలో చో యొంగ్‌పిల్ పాటకి కేకలు పెట్టే అమ్మాయిల్ని పత్రికలు 'ఓప్పా బుదే' అని వెక్కిరించేవి. 'అన్నయ్య పటాలం' అన్నమాట. సొ తేజి అభిమానులు కేకలతో ఆగలేదు. 1995లో వచ్చిన నాలుగో ఆల్బమ్‌లో 'శిదే యుగం' పాటలో మాటలు మార్చమని సెన్సారు సంఘం పట్టుబట్టింది. ఇతను మాటలన్నీ తీసేసి ఒట్టి సంగీతంతో ఆ పాట విడుదల చేశాడు. అభిమానులు సెన్సారు మీద తిరగబడ్డారు. జొంగ్ తేచున్ అనే జానపద గాయకుడు అంతకు ముందే ఆ పోరాటం ఎత్తుకుని ఉన్నాడు, మొదటి గౌరవం అతనికే దక్కాలి. 1996లో పాటల ముందస్తు తనిఖీ రద్దయింది. అంటే కొరియాలో అభిమాని తొలిసారి రోడ్డెక్కింది తన గాయకుడి నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తీయించడానికి. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

ఆ ఏడాది జనవరి 31న సొ తేజి బృందం రంగం నుంచి తప్పుకుంది. నాలుగేళ్లలో నాలుగు ఆల్బమ్‌లు, నాలుగూ పెద్ద విజయాలు. కొత్తది పుట్టించడంలోని నొప్పి ఇక పడలేమన్నారు. సొ తేజికి అప్పటికింకా 24 నిండలేదు. యొన్‌హి-దొంగ్‌లోని అతని ఇంటి ముందు పిల్లలు ఏడుస్తూ కూర్చున్నారు. ముగ్గురిలో ఒకడైన యాంగ్ హ్యున్‌సొక్ అదే ఏడు తన సొంత సంస్థ పెట్టాడు. తర్వాత అదే వైజీ అనే పెద్ద సంస్థ అయింది.

కంబ్యాక్‌కి తండ్రి సొ తేజి అనుకుంటే, చెమటకి తల్లి వేరే ఉంది. తల్లి అన్నది మాటవరసకి కాదు. లీ నాన్‌యంగ్ 1935లో 'మొక్‌పో కన్నీళ్లు' పాటతో కొరియా అంతటా పేరు తెచ్చుకున్న గాయని. కొరియా యుద్ధం వచ్చింది. భర్త కిమ్ హేసొంగ్, సంగీత దర్శకుడు, ఆ యుద్ధంలోనే పోయాడు. ఇల్లు గడవాలి. సియోల్ చుట్టుపక్కల డబ్బున్న ప్రేక్షకులు ఒక్కరే, అమెరికా ఎనిమిదో సైన్యం సిపాయిలు. ఇద్దరు కూతుళ్లని, ఒక మేనకోడల్ని కూర్చోబెట్టి అమెరికా పాటలు నేర్పింది. ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. రికార్డు పెట్టడం, వినబడ్డ శబ్దాన్ని వినబడ్డట్టు పలకడం, తప్పితే మళ్లీ మొదటినుంచి. సిపాయిలిచ్చే విస్కీ, చాక్లెట్లు బజారులో మార్చుకుంటే బియ్యం వచ్చేవి. ఆ ముగ్గురే కిమ్ సిస్టర్స్. 1959లో లాస్ వేగాస్ వెళ్లారు. రకరకాల వాయిద్యాలు నేర్చారు, ఎడ్ సలివన్ టీవీ షోలో ఇరవైకి పైగా సార్లు కనబడ్డారు.

ఆ సైనిక శిబిరాల్లో పాడాలంటే పరీక్ష ఉండేది. అమెరికా వాళ్లు కూర్చుని విని ఏ, బి, సి అని గ్రేడ్లు ఇచ్చేవాళ్లు. గ్రేడును బట్టి డబ్బు. కొన్ని నెలలకి మళ్లీ పరీక్ష. ఇవాళ చాలా కె-పాప్ సంస్థల్లో నెలాఖరు పరీక్ష ఒకటుంది. గోడకి అద్దాలున్న గదిలో పిల్లలు వరసగా నిలబడి పాడాలి, ఆడాలి, బల్ల వెనకాల పెద్దలు మార్కులు వేస్తారు. ఆ శిబిరాల నుంచి ఈ గదులకి నేరుగా దారి వేసి చూపించలేను గానీ రెండింటి వాసనా ఒకటే.

ఆ గదుల్ని కట్టినవాడు లీ సూమాన్. తనూ గాయకుడే. చదువుకి కాలిఫోర్నియా వెళ్లి, అక్కడ ఎంటీవీ చూసి, తిరిగొచ్చి 1989లో ఎస్ఎం అనే పాటల సంస్థ పెట్టాడు. మొదట నమ్ముకున్న హ్యున్ జిన్‌యంగ్ మంచి డాన్సరు. మాదక ద్రవ్యాల కేసులో దొరికిపోయాడు, పెట్టిన డబ్బంతా మునిగింది. గొంతు ఒక్కటే కాదు, మనిషి నడతా తన చేతిలో ఉండాలని లీ సూమాన్ నేర్చుకున్న పాఠం అక్కడిదే అంటారు. స్కూలు పిల్లల్ని అడిగి చూశాడు, మీకెలాంటి హీరో కావాలని. వాళ్లు చెప్పినదాన్ని బట్టి అయిదుగురు కుర్రాళ్లని పోగుచేశాడు. 1996 సెప్టెంబర్ 7న హెచ్.ఓ.టి. వేదికెక్కింది. ఆ ఏడు జనవరిలో సొ తేజి అలిసిపోయానని వెళ్లిపోయాడు. సెప్టెంబర్ కల్లా ఆ అలసటతో పనిలేని పద్ధతి వచ్చేసింది. పాట రాసేవాడు ఒకడు, డాన్సు కూర్చేవాడు ఒకడు, బట్టలు ఎంచేవాడు ఒకడు. పాడేవాడు ఆలోచించుకోవడానికి తలుపేసుకోనక్కర్లేదు. అతని ఖాళీ ఇక ఎవరికీ అక్కరలేదు.

పైగా ఆ ఖాళీకి ఖరీదు పడింది. సంస్థ పిల్లల్ని పదేళ్లకో పన్నెండేళ్లకో తీసుకుంటుంది. వాళ్లని యొన్‌సుప్‌సెంగ్ అంటారు, అభ్యాసంలో ఉన్నవాళ్లు. గది అద్దె, పాట మాష్టారు, డాన్సు మాష్టారు, జపనీస్ పంతులమ్మ, తిండి, పళ్లకి తీగలు, అన్నీ సంస్థే పెడుతుంది. ట్వైస్ బృందం నాయకురాలు జిహ్యో పదేళ్లపాటు ఇలా నేర్చుకున్నాకే 2015లో వేదికెక్కింది. చాలా సంస్థల్లో ఆ ఖర్చంతా పద్దులో ఉంటుంది. పాట బయటికొచ్చాక రాబడిలోంచి ముందు ఆ పద్దు తీరాలి, తర్వాతే పాడినవాళ్లకి వాటా. చాలామందికి మొదటి రెండు మూడేళ్లు చేతికేమీ రాదు. కొంతమందికి ఎప్పటికీ రాదు. అప్పున్న ఇంట్లో ఎవరు నడుం వాలుస్తారు?

ఆ పద్దుకి వెనకాల దేశం పద్దు కూడా ఉంది. 1994లో కొరియా ప్రభుత్వానికి ఒక నివేదిక అందింది. 'జురాసిక్ పార్క్' సినిమా ఒక్కటి తెచ్చిన ఆదాయం 15 లక్షల హ్యుందాయ్ కార్లు అమ్మినదానితో సమానమని అందులో రాశారు. 1997లో ఆర్థిక సంక్షోభం వచ్చి దేశం ఐఎంఎఫ్ గుమ్మం ఎక్కింది. కార్లతో పాటు కథలు, పాటలూ ఎగుమతి చెయ్యాలన్న పట్టుదల అప్పుడు గట్టిపడింది. ఈ భాగం గురించి చాలామంది చాలా రాశారు, వదిలేద్దాం.

కంబ్యాక్‌ల మధ్య దూరం ఎప్పుడు తగ్గిందో చూద్దాం. హెచ్.ఓ.టి. అయిదేళ్లలో తెచ్చినవి అయిదు ఆల్బమ్‌లే, ఏడాదికొకటి. తర్వాత కొరియా ఇళ్లలోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, పాటలు ఫైళ్లయిపోయాయి, సీడీలు కొనేవాళ్లు కరువయ్యారు. పదీ పన్నెండు పాటలతో ఏడాదికొక ఆల్బమ్ వేస్తే గిట్టదు. ఒక పాటో, అయిదారు పాటల మినీ ఆల్బమో వెయ్యడం, వేడి తగ్గకముందే ఇంకోటి వెయ్యడం మొదలైంది. గర్ల్స్ జనరేషన్ పాటలు చూడండి. 2009 జనవరిలో 'జీ', జూన్‌లో 'జీనీ', 2010 జనవరిలో 'ఓ!', మార్చిలో 'రన్ డెవిల్ రన్', అక్టోబర్లో 'హూట్'. ఇరవై రెండు నెలల్లో అయిదు. తొమ్మిదిమంది అమ్మాయిలు, ఒక్కోదానికి కొత్త డాన్సు, కొత్త బట్టలు, జుట్టుకి కొత్త రంగు. పత్రికలు అయిదింటికీ ఒకే మాట వాడాయి.

కొత్త పాట వచ్చిన వారం ఎలా ఉంటుందో తెలిస్తే గానీ ఇది బోధపడదు. వారంలో చాలా రోజులు రోజుకొక చానెల్లో పాటల పోటీ ఉంటుంది. శుక్రవారం కేబీఎస్ 'మ్యూజిక్ బ్యాంక్'. జనం చూసేది సాయంత్రం అయిదింటికి. కానీ పెద్ద బృందాల పాటలు చాలావరకు ముందే, తెల్లవారుజామున తీసేస్తారు. దానికోసం పిల్లలు అర్ధరాత్రి దాటగానే చొంగ్‌దామ్-దొంగ్‌లోని సెలూన్‌కి చేరతారు. కుర్చీలో కూర్చుని నిద్రపోతుంటే జుట్టు చుడతారు, కళ్లు మూసుకునే ఉంటాయి కాబట్టి కంటి రంగుకి సౌకర్యం. అక్కణ్ణుంచి వ్యానులో యొయిదో. ఆ సరికే కేబీఎస్ భవనం బయట చీకట్లో అభిమానులు వరస కట్టి ఉంటారు. చేతిలో కొన్న ఆల్బమ్, బృందం పేరున్న దీపం కర్ర, గుర్తింపు కార్డు. ఈ మూడూ చూపిస్తేనే లోపలికి. సూర్యుడు రాకముందే అదే పాట మూడు నాలుగు సార్లు ఆడతారు, బయటివాళ్లు ప్రతిసారీ ఊపిరి బిగబట్టి ఒకే వరసలో పేర్లు అరుస్తారు. తర్వాత సాయంత్రం దాకా ఒక గదిలో నిరీక్షణ. చివర్లో అందరూ వేదిక మీదికి వచ్చి ఎవరు గెలిచారో వినాలి కదా.

పాట ఆగాక కెమెరా వెంటనే వెళ్లదు. ఒకరి మొహం మీద పది పదిహేను సెకన్లు నిలబడుతుంది. ఆ పిల్ల ఆయాసపడుతూ ఉంటుంది, మెడ మీద చెమట, నుదుటికి అంటుకున్న వెంట్రుకలు, ఆయాసం మధ్యలోనే చిన్న నవ్వు. దీనికి పేరు కూడా ఉంది, 'ఎండింగ్ ఫెయిరీ'. ఆ ఆయాసం ముక్కని కత్తిరించి లక్షలమంది చూస్తారు. నాకు కె-పాప్‌లో అన్నిటికంటే నిజం చెప్పే దృశ్యం అదే. పాట అమ్మడం అయిపోయాక శ్రమని విడిగా కట్టి అమ్ముతున్నారు.

ఇందులో అబద్ధం లేదని ఒక వాన రుజువు చేసింది. 2015 సెప్టెంబర్లో కొండల నడుమ ఇంజే అనే ఊళ్లో ఒక రేడియో సంస్థ ఆరుబయట కచేరీ పెట్టింది. జీఫ్రెండ్ అనే బృందం ఆ ఏడే వచ్చింది, పెద్దగా ఎవరికీ తెలీదు. వేదిక తడిసి జారుతోంది. యుజు అనే అమ్మాయి పడింది. లేచింది. మళ్లీ పడింది. ఒకే పాటలో చాలాసార్లు పడుతూ, పడ్డ ప్రతిసారీ లేచి తాళం తప్పకుండా తన చోటికి చేరింది. ఎవరూ పాట ఆపలేదు. ప్రేక్షకుల్లో ఒకరు తీసిన వీడియో ప్రపంచం చుట్టింది, పాట జాబితాలో పైకి ఎగబాకింది, బృందం తలరాత మారింది. పట్టుదలంటే ఇదీ అన్నారంతా. తడి నేల మీద పిల్లల్ని ఎందుకు ఆడించారని అడిగినవాళ్లూ ఉన్నారు, తక్కువమంది.

దానికి ఒక్క ఏడాది ముందే ఇంకో సంగతి జరిగి ఉంది. 2014 సెప్టెంబర్ 2న లేడీస్ కోడ్ బృందం తేగులో టీవీ కచేరీ ముగించుకుని రాత్రికి రాత్రే సియోల్ బయల్దేరింది. ఒంటిగంట దాటాక యొంగిన్ దగ్గర హైవే మీద, వానలో, వ్యాను అదుపు తప్పింది. నడిపింది వాళ్ల మేనేజరు. యున్‌బి అక్కడికక్కడే పోయింది, రైస్ నాలుగు రోజుల తర్వాత. యున్‌బికి తమ పాట జాబితాలో ఒకసారి మొదటి స్థానానికి రావాలని కోరిక ఉండేదని తెలిసి, ఆమె చనిపోయిన రోజునే అభిమానులు, అభిమానులు కానివాళ్లు కూడా, ఒక ఏడాది కిందటి పాట 'ఐయామ్ ఫైన్ థాంక్యూ'ని అదేపనిగా వింటూ మొదటి స్థానానికి తెచ్చారు. ఇవ్వడానికి వాళ్ల చేతిలో అదొక్కటే ఉంది.

చట్టం ఏం చేసిందని అడగొచ్చు. చేసింది. టీవీఎక్స్‌క్యూ అనే అయిదుగురి బృందంలో ముగ్గురు 2009 జూలై 31న ఎస్ఎం మీద కోర్టుకెక్కారు. వాళ్ల ఒప్పందం 13 ఏళ్లది. మధ్యలో వదిలితే సంస్థ పెట్టిన పెట్టుబడికి మూడింతలు, మిగిలిన కాలానికి రావలసిన లాభానికి రెండింతలు కట్టాలి. అక్టోబర్లో కోర్టు ఆ ముగ్గురి పక్షం పలికింది. వాళ్ల అభిమాన సంఘం కాసియోపియా అయితే లక్షకు పైగా సంతకాలు సేకరించి మానవ హక్కుల సంఘానికి ఇచ్చింది. సొ తేజి నాటి అభిమానులకి వీళ్లు నిజమైన వారసులు. ఆ ఏడే ప్రభుత్వం నమూనా ఒప్పందం ఒకటి తయారు చేసి ఏడేళ్లకి హద్దు గీసింది. మంచి పనే. కానీ 13 ఏళ్లలో పిండేదాన్ని ఏడేళ్లలో పిండాలనుకునే సంస్థలకి క్యాలెండరు ఇంకా ఇరుకైంది. చట్టం ఉద్దేశం అది కాదు, ఫలితంలో మాత్రం అదీ కలిసిందని నా అనుమానం.

2014లో ఇంకో చట్టం వచ్చింది. 15 ఏళ్లలోపు వాళ్ల చేత వారానికి 35 గంటలకి మించి, అంతకు పెద్దవాళ్లయిన మైనర్ల చేత 40 గంటలకి మించి పని చేయించకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అసలే వద్దు, పిల్లలూ పెద్దలూ ఒప్పుకుంటే తప్ప. అందుకే డిసెంబర్ నెల అవార్డు సభల్లో పది కొట్టగానే బృందంలో చిన్నవాళ్లు వేదిక దిగి వెళ్లిపోవడం, మిగిలినవాళ్లు ఖాళీలు సర్దుకుని ఆడటం కనిపిస్తుంది.

ఇప్పుడు అభిమాని సంగతి. సెన్సారు మీద, సంస్థ మీద కొట్లాడిన అభిమాని ఎప్పుడు మారాడు?

ఒక తారీఖు చెప్పమంటే 2016 అంటాను. ఆ ఏడు 'ప్రొడ్యూస్ 101' అనే టీవీ పోటీ వచ్చింది. 101 మంది శిక్షణలోని అమ్మాయిలు, ఒకే రకం దుస్తులు, వాళ్లలో 11 మందిని ప్రేక్షకులే ఓట్లేసి ఎంచుకోవాలి. ప్రేక్షకులకి ఇచ్చిన బిరుదు 'జాతీయ నిర్మాత'. అమ్మాయిలు వంగి నమస్కరించి, నిర్మాతగారూ నన్ను చూసుకోండి అనేవారు. నిర్మాత అని పిలిచాక నిర్మాతలా ప్రవర్తిస్తే తప్పెవరిది? తమాషా ఏమిటంటే ఆ ఓట్లు కూడా అబద్ధమే. 2019లో నాలుగో విడత ముగిశాక ఎవరో అభిమానులు కూర్చుని లెక్కలు చూశారు. వరస స్థానాల మధ్య తేడా 29,978 ఓట్లు, అదే అంకె అయిదుచోట్ల. కార్యక్రమ నిర్మాతలు జైలుకెళ్లారు. మోసం పట్టింది అభిమానులే, మోసపోయిందీ వాళ్లే, కానీ నిర్మాతననే నమ్మకం మాత్రం పోలేదు.

దాని మీద డబ్బు కూడా పేరుకుంది. ఆల్బమ్ అమ్మకాల్లో మొదటి వారానికే ఇప్పుడు గౌరవం, దాన్ని ఛోదొంగ్ అంటారు. 2023 అక్టోబర్లో సెవెంటీన్ ఆల్బమ్ ఒకటి మొదటి వారంలోనే 50 లక్షలు దాటింది. అన్ని కాపీలు వినడానికి కాదు. ఆల్బమ్‌లో దూర్చిన చిన్న ఫొటో కార్డు కోసం, సంతకాల సభకి లాటరీ తగలడం కోసం ఒక్కొక్కరు పదులు, వందలు కొంటారు. సంతకాల సభలో దక్కేది బల్లకి అటూ ఇటూ ఒక నిమిషం. ఇది చాలక 2020 నుంచి 'బబుల్' అనే యాప్. నెలకింత అని కడితే నీ ఇష్టమైన గాయని నీకొక్కదానికే రాసినట్టు సందేశాలు పంపుతుంది. తిన్నావా, బయట చలిగా ఉంది, నాకివాళ నిద్ర రావట్లేదు. అదే సందేశం లక్షమందికి పోతుంది. నాలుగు రోజులు రాయకపోతే, డబ్బు తీసుకుని రాయదేం అని మొదలవుతుంది. రాత్రి వ్యానులో, జుట్టు చుట్టించుకుంటూ, రాయాలి. పాట, ఆట అయ్యాక పలకరింపు కూడా పద్దులోకి వచ్చింది.

2024 ఫిబ్రవరిలో ఎస్పా బృందం కరీనా ఒక నటుడితో స్నేహంగా ఉందని బయటపడింది. ఎస్ఎం ఆఫీసు ముందుకి ఎలక్ట్రానిక్ తెరలున్న లారీ వచ్చింది. అభిమానులిచ్చిన ప్రేమ చాలలేదా అని దానిమీద నిలదీత. వారం తిరిగేసరికి ఆ అమ్మాయి చేత్తో రాసిన క్షమాపణ ఉత్తరం పెట్టింది. ఇరవై నాలుగేళ్లు నిండబోతున్న మనిషి, ప్రేమలో పడ్డందుకు. కొన్ని వారాలకి ఆ స్నేహమూ ముగిసింది. మన దగ్గర హీరో పెళ్లయితే అభిమానులు ఫ్లెక్సీలు కట్టి అన్నదానాలు చేస్తారు, కొడుకు పుడితే కాబోయే హీరో అంటారు. పిచ్చి రెండుచోట్లా ఉంది. మనవాళ్లు హీరోని వంశంతో సహా కొలుస్తారు, వాళ్లకి అతను ఒంటరిగా తమకే ఉండాలి.

అదే ఏడు అక్టోబర్లో ఇంకా ముందుకు పోయింది. రైజ్ బృందంలో సుంగ్‌హాన్ అనే కుర్రాడు, రంగానికి రాకముందు తీసిన సొంత ఫొటోలు ఎవరో బయటపెట్టడంతో పదకొండు నెలలు పక్కన ఉన్నాడు. అక్టోబర్ 11న సంస్థ అతను తిరిగొస్తున్నాడని ప్రకటించింది. కంబ్యాక్, అసలు అర్థంలో. మర్నాటికల్లా సొంగ్‌సు-దొంగ్‌లోని ఎస్ఎం భవనం ముందు చావింటికి పంపే తెల్లపూల చక్రాలు బారులు తీరాయి. వెయ్యి దాకా. ప్రతి దానికీ నల్ల అక్షరాల రిబ్బన్లు, వెళ్లిపొమ్మని. బతికున్న పిల్లవాడికి. 13న అతను బృందం వదిలేశాడు. విదేశాల అభిమానులు ఇదేం న్యాయమని గోల పెట్టారు, అప్పటికే అయిపోయింది.

ఈ రంగంలో చిన్న వయసులోనే చనిపోయినవాళ్ల పేర్లన్నీ ఇక్కడ వరసపెట్టను. షైనీ జొంగ్‌హ్యున్, సల్లి, గూ హారా. కొరియాలో ప్రతి కాలానికీ ఒక పేరు ఉంది, అభిమానులకి అన్నీ తెలుసు.

బీటీఎస్ అనే ఏడుగురి బృందం ఈ కె-పాప్ యంత్రానికి అందరికంటే ఎక్కువ పేరు తెచ్చిపెట్టింది. 2022 జూన్ 14న, తొమ్మిదో వార్షికోత్సవం భోజనం బల్ల దగ్గర కూర్చుని, నాయకుడు ఆర్‌ఎం నెమ్మదిగా చెప్పాడు, ఈ పద్ధతిలో మనిషి ఎదగడానికి సమయం దొరకదని, ఎప్పుడూ ఏదో ఒకటి తయారుచేస్తూనే ఉండాలని. కొన్నాళ్లు బృందంగా ఆగుతామన్నారు. మర్నాడు వాళ్ల సంస్థ హైబ్ షేరు దాదాపు 25 శాతం పడింది. ఏడుగురు కుర్రాళ్లు అలిసిపోయామన్నదానికి ఒక్క రోజులో ధర తేలింది. మరుసటేడు ఒక స్పెయిన్ పత్రిక అతన్ని ఈ అతి శ్రమ గురించి అడిగితే మాత్రం ఆర్‌ఎం వేరేలా మాట్లాడాడు. దాడులకి గురై, రెండు ముక్కలై, డెబ్భై ఏళ్ల కిందట చేతిలో ఏమీ లేని దేశం మాది, ఇలా కష్టపడే ఇక్కడిదాకా వచ్చాం, అది మీకు అర్థం కాదు అన్న ధోరణిలో. అలిసినవాడూ అతనే, అలసటని వెనకేసుకొచ్చినవాడూ అతనే. లీ నాన్‌యంగ్ ఉంటే ఈ రెండో మాటకి తలూపేదేమో.

2024 అక్టోబర్ 15న న్యూజీన్స్ బృందం హన్నీ, ఇరవై ఏళ్ల పిల్ల, దేశ పార్లమెంటు సంఘం ముందు కూర్చుని పనిచేసేచోట అవమానం గురించి కన్నీళ్లతో చెప్పింది. నవంబర్ 20న కార్మిక శాఖ జవాబిచ్చింది. కార్మిక చట్టం ఆమెకి వర్తించదు. కారణాలూ రాశారు: ఆమెకి నిర్ణీతమైన పనివేళలు లేవు, నిర్ణీతమైన పనిచోటు లేదు, ఖర్చులు ఇద్దరూ కలిసి భరిస్తారు, కట్టే పన్ను వ్యాపారిది. వేళల్లేని పని అని కదా ఆ లోకమంతా గగ్గోలు. వేళల్లేవు కాబట్టే ఆమె శ్రామికురాలు కాదట.

కొరియా కుర్రాళ్ల బృందాలకి దొరికే అసలైన విరామం ఒక్కటుంది. అది సంస్థ ఇచ్చేది కాదు, అభిమానులు ఒప్పుకునేదీ కాదు. సైన్యం. ప్రతి మగపిల్లాడూ దాదాపు ఏడాదిన్నర చెయ్యాలి. రాత్రి పదింటికి దీపాలు ఆర్పేస్తారు, తెల్లారి లేపుతారు, మూడు పూటలా వేళకి తిండి. బీటీఎస్ ఏడుగురూ ఆ సేవకి వెళ్లారు. ఆఖరివాడు షుగాది సైన్యంలో కాకుండా దానికి బదులుగా చేసే సేవ, అది 2025 జూన్ 21న ముగిసింది. జూలై 1న ఏడుగురూ ఒకచోట కూర్చుని లైవ్‌లోకి వచ్చారు. అందరూ కలిసి అమెరికా వెళుతున్నామని, ఈ నెల నుంచే కొత్త పాటల పని మొదలని, ఆల్బమ్ వచ్చే వసంతంలో అని చెప్పారు.

షుగా సేవ ముగిసి అప్పటికి పది రోజులు.